రెండు బొమ్మలు కలిశాయా?



బొమ్మల గురించి రేడియోలో మాట్లాడటం కొంచెం వింతే. చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు, మీ ఎదురుగా తెరా లేదు. అయినా ఈ విషయానికి రేడియోనే నయమనిపించింది. బొమ్మ కళ్ళెదుట ఉంటే ఒక్క చూపు చూసి "బాగానే ఉంది" అనేసి ముందుకు పోతాం. ఆస్పత్రిలో స్కానింగు బొమ్మలను ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు ఆ "బాగానే ఉంది" అనే మాట ఎవరంటారు, ఏం చూసి అంటారు, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఇవాళ్టి విషయం.

మెదడులో గడ్డ ఉన్న మనిషి ఒకరున్నారనుకుందాం. రేడియేషన్ ఇవ్వాలన్నారు. మన ఊళ్ళలో "కరెంటు పెట్టడం" అంటారే, అదే. ముందుగా చిల్లులున్న ఒక ప్లాస్టిక్ పలకను వేడినీళ్ళలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు. ఆరాక అది మాస్కవుతుంది. ఆ మాస్కు బిగించి, తల కదలకుండా సీటీ స్కాన్ తీస్తారు. సీటీయే ఎందుకంటే, రేడియేషన్ కిరణం ఎముకలో ఎంత ఆగుతుంది, మెత్తటి కండలో ఎంత ఆగుతుంది అనే లెక్క సీటీ ఇచ్చే అంకెల మీదే ఆధారపడుతుంది. డోసు లెక్కంతా దాని మీదే. కానీ సీటీలో మెదడు చాలావరకు ఒకే బూడిద రంగు. గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సరిగా తెలియదు. అది తెలిసేది ఎమ్మారైలో. కాబట్టి డాక్టరుగారు గడ్డ చుట్టూ గీత గీసేది ఎమ్మారై చూసి, కిరణాలు గురిపెట్టేది సీటీ లెక్కన.

ఈ రెండు స్కాన్లూ వేరువేరు యంత్రాల మీద, చాలాసార్లు వేరువేరు రోజుల్లో తీసినవి. ఒకదాంట్లో తల కొంచెం ఎడమకు వాలి ఉంటుంది, ఇంకోదాంట్లో గడ్డం కాస్త పైకెత్తి ఉంటుంది. వాటిని సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. పాత సినిమా వాల్‌పోస్టర్లలో ఎరుపు అచ్చు కాస్త జరిగిపోయి హీరోయిన్ పెదవులు చెంప మీదికి వచ్చేవి, గుర్తుందా? అక్కడ నవ్వుకుని పోయేవాళ్ళం. ఇక్కడ గడ్డ పక్కనే కంటి నరం ఉంటుంది, ఇంకాస్త వెనక బ్రెయిన్ స్టెమ్ ఉంటుంది. గీత మూడు మిల్లీమీటర్లు జరిగితే గడ్డలో ఒక అంచు కిరణానికి అందకుండా పోతుంది, అవతలి పక్క కిరణం తగలకూడని నరానికి తగులుతుంది. పైగా ఆ తప్పు ఒక్క రోజుది కాదు. ప్లాను ఒకసారి ఒప్పుకున్నాక రోజూ అదే ప్లాను ప్రకారం నడుస్తుంది.

ఈ కలిపే పనిని రిజిస్ట్రేషన్ అంటారు, దాన్ని కంప్యూటరు చేస్తుంది. తల ఎముక గట్టిది, లోపల మెదడు పెద్దగా జరగదు కాబట్టి ఆరు అంకెలు కనుక్కుంటే చాలు: కుడి ఎడమలకు ఎంత జరపాలి, ముందు వెనకలకు ఎంత, పైకి కిందికి ఎంత, మూడు ఇరుసుల చుట్టూ ఎంతెంత తిప్పాలి. చిక్కెక్కడంటే, సీటీలో ఎముక తెల్లగా వెలుగుతుంది, ఎమ్మారైలో అదే ఎముక నల్లగా ఉంటుంది. తెలుపును తెలుపుతో కలుపుదామంటే కుదరదు. 1990ల మధ్యలో అమెరికాలో ఎంఐటీకి చెందిన పాల్ వయోలా, విలియం వెల్స్ ఒక దారి కనిపెట్టారు. దాదాపు అదే సమయంలో బెల్జియంలోని లువెన్‌లో కొలిన్యాన్, మాస్ బృందానికీ అదే ఆలోచన వచ్చింది. ఒక బొమ్మలో ఒక చోట వెలుగెంతో తెలిస్తే, రెండో బొమ్మలో అదే చోట వెలుగెంతుంటుందో ఎంత బాగా ఊహించగలం? ఆ ఊహ అన్నిటికంటే బాగా కుదిరే చోట రెండూ కలిసినట్టు లెక్క. దీన్ని మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ అంటారు. ఇవాళ్టికీ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లలో చాలావరకు లోపల నడుస్తున్నది ఇదే లెక్క, లేదా దాని చుట్టమైన ఇంకో లెక్క.

లెక్క గొప్పదే. కానీ కంప్యూటరు వెతికే తీరు చూడండి: కొంచెం జరిపి చూస్తుంది, స్కోరు పెరిగితే అటే ఇంకొంచెం జరుపుతుంది, ఇక ఎటు జరిపినా పెరగకపోతే ఆగిపోతుంది. మొదలుపెట్టిన చోటు బాగాలేకపోతే అసలు చోటికి చేరకముందే ఆగిపోవచ్చు. ఆగినప్పుడు "అయిపోయింది" అంటుందే తప్ప "తప్పిపోయాను" అనదు. స్కోరు ఇంత దాటితే సరే, ఇంతకు తగ్గితే తప్పు అని చెప్పే గీత కూడా లేదు. ఒక రోగి బొమ్మలకు మంచిదైన స్కోరు ఇంకొక రోగికి చెడ్డది కావచ్చు.

దీన్ని ప్రయోగం చేసి తేల్చింది అమెరికాలో టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్‌లో ఉన్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం. మైకేల్ ఫిట్జ్‌పాట్రిక్, జే వెస్ట్ తదితరులు చేసిన ఏర్పాటు నాకు భలే నచ్చింది. ఆపరేషనుకు వెళ్ళబోయే రోగుల పుర్రె ఎముకకు చిన్న గుర్తులు స్క్రూలతో బిగించి ఉన్నాయి. ఆ గుర్తులు సీటీలోనూ ఎమ్మారైలోనూ కనిపిస్తాయి కాబట్టి రెండు బొమ్మలూ అసలు ఎలా కలవాలో వాళ్ళకు కచ్చితంగా తెలుసు. తరవాత బొమ్మల్లోంచి ఆ గుర్తుల జాడ చెరిపేసి, వేరువేరు పరిశోధన బృందాలకు పంపి, మీ సాఫ్ట్‌వేరుతో కలపండి అన్నారు. జవాబు తమ దగ్గర దాచుకున్నారు. 1997లో ఫలితాలు బయటపెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్లు చాలాసార్లు రెండు మిల్లీమీటర్ల లోపే కలిపాయి, ముచ్చటగానే ఉంది. కానీ అప్పుడప్పుడు ఆరు మిల్లీమీటర్లు, అంతకు మించి కూడా తప్పాయి. ఎప్పుడు తప్పాయో ముందే పసిగట్టడానికి దారి లేదు.

అందుకే కంటితో చూడాలి. చూడాలంటే ఎలా చూడాలి? సాఫ్ట్‌వేరు పని ఇక్కడే మొదలవుతుంది. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే మనిషి కన్ను తేడాను సులువుగా పోనిచ్చేస్తుంది. ఎడమది చూసి, కళ్ళు కుడిదాని మీదికి తిప్పేలోపు ఎడమది ఎక్కడుందో మరచిపోతాం. కాబట్టి రెండిటినీ ఒకే చోట చూపించాలి.

మొదటి పద్ధతి చెకర్‌బోర్డ్. చదరంగం గళ్ళలాగా తెరను గళ్ళుగా కోసి, ఒక గడిలో సీటీ, పక్క గడిలో ఎమ్మారై, మళ్ళీ సీటీ, ఇలా నింపుతారు. బొమ్మలు కలిసి ఉంటే పుర్రె అంచు ఒక గడిలోంచి పక్క గడిలోకి తెగకుండా సాగుతుంది. కలవకపోతే గడి సరిహద్దు దగ్గర విరుగుతుంది. విరిగిన గీతను పట్టుకోవడంలో మన కన్ను అసాధారణం. కంటి వెనక ఉన్న కణాల మధ్య ఎడం కంటే చిన్న విరుపును కూడా గుర్తుపడుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్సు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఆ శక్తిని వాడుకున్నవాళ్ళే: రెండు గీతలు ఎక్కడ ఒకే వరసలోకి వచ్చాయో కన్నే చెప్పేది. అయితే గళ్ళ సైజు కుదరాలి. గళ్ళు మరీ పెద్దవైతే సరిహద్దులు తక్కువై అసలు చోట సరిహద్దే పడదు. మరీ చిన్నవైతే బొమ్మే ముక్కలై ఏ గీతా పోల్చుకోలేం. మంచి సాఫ్ట్‌వేరులో గళ్ళ సైజు మార్చుకోవచ్చు, గళ్ళను జరుపుకోవచ్చు కూడా.

రెండోది ఆర్పి వెలిగించడం. ఒకే చోట ఒకసారి మొదటి బొమ్మ, మరుక్షణం రెండో బొమ్మ, మళ్ళీ మొదటిది. కలిసినవి కదలవు, కలవనివి అటూ ఇటూ ఎగురుతాయి. ఇది వైద్యులు కనిపెట్టింది కాదు, ఖగోళవేత్తల నుంచి వచ్చింది. 1930లో అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీలో ఇరవై నాలుగేళ్ళ క్లైడ్ టాంబా జనవరి 23న, 29న తీసిన రెండు ఫోటో పలకలను బ్లింక్ కంపారేటర్ అనే యంత్రంలో పెట్టి మార్చి మార్చి చూశాడు. వేలకొద్దీ చుక్కలు కదలకుండా ఉంటే ఒక్క చుక్క మాత్రం ఎగిరింది. ఫిబ్రవరి 18న అలా దొరికింది ప్లూటో. ఇవాళ మెదడు పరిశోధనలో విరివిగా వాడే ఎఫ్ఎమ్మారైప్రెప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ప్రతి మనిషి స్కానుకూ ఒక రిపోర్టు తయారుచేస్తుంది. అందులో బొమ్మ మీద మౌసు పెడితే అది సరిగ్గా ఇలాగే ఆరి వెలుగుతుంది.

మూడోది అంచుల గీత. ఒక బొమ్మలోంచి అంచులు మాత్రం ఏరి, సన్నటి ఎర్ర గీతగా రెండో బొమ్మ మీద వేస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన ఎఫ్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేరు వందల మెదళ్ళకు ఇలా గీతలు వేసి ఒకే పేజీలో వరసగా పేర్చిపెడుతుంది. కిందికి జరుపుకుంటూ పోతే తల బయటికి పోయిన గీత ఏదన్నా ఉంటే చప్పున కంటబడుతుంది. రంగులు కలపడం ఇంకో పద్ధతి: ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, రెండూ కలిసిన చోట పసుపు. మగవాళ్ళలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియదని ఈ రంగులు ఎంచినవాళ్ళకు తట్టలేదు కాబోలు. ఇప్పుడు వంగపండు రంగు, ఆకుపచ్చ కలిపి వాడేవాళ్ళూ ఉన్నారు. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి తేడాను చూపడం కూడా ఉంది. అది ఒకే రకం స్కాన్ల మధ్యే పనికొస్తుంది, సీటీలోంచి ఎమ్మారైని తీసివేస్తే మిగిలేదానికి అర్థం లేదు.

త్రీడీ స్లైసర్, ఐటీకే స్నాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి సౌకర్యాలు ఎన్నో ఉన్నాయి. ఆస్పత్రుల్లో కొనే ప్లానింగు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంటాయి. ఉన్నాయి కాబట్టి వాడుతున్నారని అనుకోకూడదు. పైగా ఎక్కడ చూడాలో తెలియకపోతే పద్ధతి ఏదైనా ఒకటే. చాలామందికి అడ్డంగా కోసిన స్లైసులు చూడటమే అలవాటు, ఫిల్ముల కాలం నుంచీ వచ్చిన అలవాటు. తల పైకో కిందికో జరిగిన తప్పు అడ్డకోతలో సరిగా తెలియదు. గడ్డం ఎత్తి దించిన తేడా పక్కనుంచి కోసిన బొమ్మలోనే బాగా బయటపడుతుంది. మూడు కోతలూ చూడాలి. పుర్రె అంచు ఒక్కటి చూసి ఊరుకోకుండా లోపల వెంట్రికల్స్ అనే ఖాళీల గోడలు, కనుగుడ్లు, చెవి లోపలి గట్టి ఎముక చూడాలి. అన్నిటికన్నా ముందు గడ్డ ఉన్న చోటు చూడాలి. గొంతు క్యాన్సరు అయితే ఇంకో పేచీ. పుర్రె దగ్గర వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసినా, మెడ వంగుతుంది, దవడ తెరుచుకుంటుంది, కాబట్టి గొంతు దగ్గర ఎంతో జరిగి ఉండవచ్చు. తల చూసి సరే అన్నవాళ్ళు గొంతుకు కరెంటు పెడుతున్నామన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కన్ను ఎంతవరకు నమ్మదగింది అనేది కూడా వాండర్‌బిల్ట్ వాళ్ళే పరీక్షించారు, 1998లో. పుర్రె గుర్తుల వల్ల జవాబు తెలిసిన బొమ్మల్నే తీసుకుని కావాలని సున్నా నుంచి పది మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా జరిపారు. అనుభవమున్న ఇద్దరిని కూర్చోబెట్టి, ఎంత తప్పిందో మీరే చెప్పండి అన్నారు. రెండు మిల్లీమీటర్లు, అంతకు మించిన తప్పుల్ని వాళ్ళు బాగానే పట్టారు. ఒక మిల్లీమీటరు దగ్గర ఏ పద్ధతీ పనిచేయలేదు. అంటే "కంటితో చూశాం, సరిగ్గా ఉంది" అన్న మాటకు అసలు అర్థం "రెండు మిల్లీమీటర్లకు మించి తప్పలేదు" అని. ఒకే రోజు పెద్ద డోసు ఇచ్చే రేడియోసర్జరీలాంటి చికిత్సల్లో ఆ ఒక్క మిల్లీమీటరే పంచాయితీ. ఇంకొకటి కూడా వాళ్ళు ఒప్పుకున్నారు: చూసేవాళ్ళకు ఎలాంటి తప్పులు ఎన్నెన్ని కలిపి చూపించారన్నదాన్ని బట్టి ఫలితం బాగా మారుతుందని. రోజుకు ముప్ఫై బాగున్న బొమ్మలు చూసినవాళ్ళ కన్ను ముప్ఫై ఒకటోదాన్ని కూడా బాగున్నట్టే చూస్తుందని నా అనుమానం.

ఒకే యంత్రంలో రెండు స్కాన్లూ తీస్తే ఈ గొడవే ఉండదు కదా అని మీకు తోచే ఉంటుంది. డేవిడ్ టౌన్‌సెండ్, రాన్ నట్ అనే ఇద్దరికి అదే తోచింది. వాళ్ళ ఆలోచనతో పుట్టిన, పెట్ అనే ఇంకో రకం స్కానూ సీటీ కలిసిన మొదటి యంత్రం 1998లో పిట్స్‌బర్గ్‌లో పనిలోకి వచ్చింది. 2000లో టైమ్ పత్రిక దాన్ని ఆ ఏటి వైద్య ఆవిష్కరణగా ఎంచింది. రోగి దిగకుండా అదే బల్ల మీద రెండూ అయిపోతాయి. ఇప్పుడు మన నగరాల్లో క్యాన్సరు ఇళ్ళవాళ్ళందరికీ పెట్ సీటీ అనే మాట తెలుసు. కానీ మనిషి ఊపిరి పీలుస్తాడు. సీటీ కొన్ని సెకన్లలో అయిపోతుంది, పెట్ నిమిషాల తరబడి నడుస్తుంది. సీటీ అప్పుడు ఊపిరి బిగబట్టి ఉంటే కాలేయం ఒక చోట, పెట్ అప్పుడు మామూలుగా ఊపిరి తీస్తుంటే ఇంకొక చోట. కాలేయం పైభాగంలో ఉన్న గడ్డ ఊపిరితిత్తి అడుగున ఉన్నట్టు కనిపించిన సందర్భాలున్నాయి.

గుండె విషయంలో ఇది ఇంకా చెడ్డది. పెట్ బొమ్మను సరిదిద్దడానికి సీటీ అంకెలనే వాడతారు. గుండె గోడ మీద ఊపిరితిత్తి అంకెలు పడితే, ఆ గోడకు రక్తం అందడం లేదన్నట్టు బొమ్మ వస్తుంది. హ్యూస్టన్‌లో లాన్స్ గూల్డ్ బృందం 2007లో ప్రచురించిన పరిశీలనలో 259 మంది రోగుల్లో 103 మందికి ఇలా లేని లోపం ఉన్నట్టు కనిపించింది. నూటికి నలభై. రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి వేసి చూసి, సీటీని చేత్తో జరిపి మళ్ళీ లెక్క కడితే అలాంటి లోపాలు మాయమయ్యాయి. చూడకపోతే? గుండె బాగున్న మనిషి క్యాథ్ ల్యాబు బల్ల మీదికి ఎక్కేవాడు.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో కన్ను గెలిచినట్టే ఉంది. కానీ కన్ను ఓడిపోయే చోట్లు రెండున్నాయి.

ఒకటి కుడి ఎడమలు తారుమారు కావడం. మెదడు రెండు భాగాలూ చూడ్డానికి దాదాపు ఒకటే. అద్దంలో బొమ్మలా తిరగబడిన స్కాను ఇంకొక స్కాను మీద చక్కగా కూర్చుంటుంది, గళ్ళు పెట్టినా ఏ గీతా విరగదు. కొన్ని పాత ఫైళ్ళ పద్ధతుల్లో కుడి ఏదో ఎడమ ఏదో స్పష్టంగా రాసి ఉండేది కాదు. పరిశోధనల్లో దానివల్ల పెద్ద తలనొప్పులు వచ్చాయి, నిఫ్టీ అనే కొత్త ఫైలు పద్ధతి రావడానికి అదీ ఒక కారణం. దీనికి పరిశోధకులు కనిపెట్టిన విరుగుడు మందుల షాపులో దొరుకుతుంది. విటమిన్ ఈ గుళిక ఒకటి మనిషి తలకు కుడిపక్కన టేపుతో అతికిస్తారు. అందులో నూనె ఎమ్మారైలో తెల్లగా వెలుగుతుంది. ఆ తెల్లచుక్క ఏ పక్కనుంటే అది కుడి. కోట్ల రూపాయల యంత్రానికి ఆ గుళిక సాక్షి.

రెండోది ఇంకా లోతైన చిక్కు. తలలాంటి గట్టి భాగానికి ఆరు అంకెలు చాలు. కడుపు, ఊపిరితిత్తులు మెత్తటివి, సాగుతాయి, నలుగుతాయి. చికిత్స నడుస్తుండగా గడ్డ కరిగిపోతుంది. అక్కడ ఒక్కొక్క చుక్కను విడివిడిగా జరిపి కలుపుతారు. లక్షల చుక్కలకు లక్షల కదలికలు. ఇంత స్వేచ్ఛ ఇచ్చాక కంప్యూటరు ఏ బొమ్మనైనా ఏ బొమ్మలాగానైనా మార్చేయగలదు. 2012లో టోర్‌స్టన్ రోల్ఫింగ్ అనే పరిశోధకుడు దీని మీద ఒక కొంటె పని చేశాడు. మొదటి బొమ్మలో చుక్కలన్నిటినీ వెలుగు ప్రకారం వరసలో పెట్టాడు, రెండోదాంట్లోవీ అలాగే పెట్టాడు. మొదటిదాంట్లో అన్నిటికంటే వెలుగైన చుక్కను రెండోదాంట్లో అన్నిటికంటే వెలుగైన చుక్క ఉన్న చోటికి పంపాడు, ఆ తరవాతిదాన్ని తరవాతిదాని చోటికి, ఇలా చివరిదాకా. చెవి దగ్గరి చుక్క నుదుటి లోపలికి పోయినా పట్టించుకోలేదు. దీనికి "పూర్తిగా పనికిమాలిన రిజిస్ట్రేషన్ పనిముట్టు" అని పేరు పెట్టి, అసలు సాఫ్ట్‌వేర్లతో పోటీకి దింపాడు. ఆ రంగంలో అందరూ వాడే స్కోర్ల ప్రకారం పనికిమాలినదే ముందుకొచ్చింది. రోల్ఫింగ్ వ్యాసం వచ్చాక కూడా ఎంతోమంది అదే స్కోర్లు చూపించి తమ సాఫ్ట్‌వేరు గొప్పదని రాస్తూనే ఉన్నారు, అది వేరే కథ.

గమనించండి, అక్కడ స్కోరే కాదు, కన్ను కూడా మోసపోగలదు. తయారైన బొమ్మ రెండోదానిలాగే ఉంటుంది. కాలేయం లోపల అంతా ఒకే బూడిద రంగు, పట్టుకోవడానికి గీతే లేదు. అంచులు కలిస్తే చూసేవాళ్ళకు తృప్తి. లోపల ఏ చుక్క ఎక్కడికి పోయిందో బొమ్మ చెప్పదు. ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేరు చూపించవలసింది బొమ్మను కాదు, కదలికను. బొమ్మ మీద నిలువు అడ్డం గీతలతో ఒక వల వేసి, కలిపే క్రమంలో ఆ వల ఎలా వంగిందో చూపిస్తారు. మెల్లగా వంగితే సరే. ఒక చోట వల మడతపడి గీతలు ఒకదాన్నొకటి దాటితే, శరీరం తనలోకి తాను మడతపడినట్టు లెక్క. అది జరగదు కాబట్టి ఆ కలపడం తప్పు. ఎముక దగ్గర వల వంగినా తప్పే, ఎముక సాగదు కదా. ఈ వల చూపించని సాఫ్ట్‌వేరుతో మెత్తటి భాగాల్ని కలిపి, దాని మీద డోసు లెక్క వేయడం నా దృష్టిలో గుడ్డెద్దు చేలో పడటమే.

పరిశోధనలో సమస్య ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ ఒక రోగి కాదు, వందల మంది. అందరి మెదళ్ళనూ ఒక నమూనా మెదడు మీద కూర్చోబెట్టి, జబ్బున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఏ చోట తేడా ఉందో చూస్తారు. 1988లో ఫ్రాన్స్‌లో తలైరాక్, టూర్నూ వేసిన నమూనా ఒకే ఒక్క మనిషిది, అరవై ఏళ్ళ ఫ్రెంచి మహిళ మెదడు. తరవాత కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది స్కాన్ల సగటుతో తయారైన నమూనా ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. మన వాళ్ళ మెదళ్ళనూ దాని మీదే సాగదీసి కూర్చోబెడుతూ వచ్చారు. 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి, వందమంది భారతీయుల స్కాన్లతో మన మెదడు నమూనా తయారుచేసింది. పాశ్చాత్య నమూనాలతో, చైనా, కొరియా నమూనాలతో పోలిస్తే అది ఎత్తులో, వెడల్పులో, ఘనపరిమాణంలో సగటున చిన్నదని తేలింది. తెలివితేటలకూ దీనికీ సంబంధం వెతకొద్దు. సంబంధమల్లా కొలతతోనే: నమూనా దగ్గరిదైతే సాగదీసేది తగ్గుతుంది, తప్పేదీ తగ్గుతుంది.

కలపడంలో తప్పులు అందరికీ సమానంగా పడవు, ఇది ముఖ్యం. వయసు మీదపడి, మతిమరుపు జబ్బుతో మెదడు కుంచించుకుపోయి, వెంట్రికల్స్ పెద్దవైనవాళ్ళ స్కాన్లు ఆరోగ్యవంతుల నమూనా మీద సరిగా కూర్చోవు. అంటే తప్పులన్నీ రోగుల గుంపులోనే ఎక్కువ పోగవుతాయి. అప్పుడు కనిపించే తేడా జబ్బువల్ల వచ్చిందా, తప్పుగా కూర్చోవడంవల్ల వచ్చిందా? గణాంకాలు ఎంత జాగ్రత్తగా వేసినా ఆ ప్రశ్నకు జవాబు రాదు. ఒక్కొక్క మెదడునూ తెరిచి చూడాలి.

వందల మెదళ్ళు చూడటం విసుగు పని, దానికి పేరూ రాదు. ఆ విసుగు తగ్గించడానికే ప్రదీప్ రామన అనే పరిశోధకుడు విజువల్ క్యూసీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తయారుచేశారు. అందులో రెండు స్కాన్లు ఎలా కలిశాయో చూడటానికి ప్రత్యేకంగా ఒక భాగముంది. ఇందాక చెప్పిన గళ్ళు, ఆర్పి వెలిగించడం, అంచుల గీత, రంగుల కలయిక, తీసివేత అన్నీ ఒకే కిటికీలో మార్చుకుంటూ చూడొచ్చు. చూసినవాళ్ళు మంచిది, అనుమానం, చెడ్డది లాంటి తీర్పు నొక్కి, కావాలంటే పక్కన ఒక మాట రాసి తరవాతిదానికి పోతారు. నాకు ఇందులో గళ్ళకంటే, రంగులకంటే ఆ తీర్పు నమోదు కావడమే విలువైందనిపిస్తుంది. ఎవరు చూశారు, ఏమన్నారు అనేది ఫైలులో మిగులుతుంది. రేపు ఇంకొకరు కూర్చుని అవే బొమ్మలకు వేరే తీర్పు ఇస్తే, ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. బ్రిటన్ బయోబ్యాంకులాగా లక్షమందికి స్కాను తీసే చోట ఇలా ఒక్కొక్కటీ మనిషి చూడలేడు. అక్కడ యంత్రమే తేడాగా ఉన్నవాటిని ఏరి ముందు పెట్టాలి.

ఆస్పత్రిలో మాత్రం ఆ సాకు లేదు. అక్కడ ఒక్కొక్కరిదీ చూడాల్సిందే. అమెరికాలో వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం 2017లో దీని మీద వివరమైన సిఫారసులు ఇచ్చింది. మొదట అడిగేవాళ్ళు రాయాలి: ఏ స్కాన్లు కలపాలి, ఎందుకు, ఏ చోట బాగా కలవడం ముఖ్యం. కలిపినవాళ్ళు చూసి సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె వేయాలి. సున్నా అంటే బొమ్మంతా కలిసింది. ఒకటి అంటే కావలసిన చోట కలిసింది, అక్కడ నమ్మొచ్చు. రెండు అంటే వాడొచ్చు గాని రూపం కొంత మారింది, జాగ్రత్త. మూడు అంటే రోగం ఎక్కడుందో తెలుసుకోవడానికి మాత్రమే, గీతలు గీయడానికి పనికిరాదు. నాలుగు అంటే కలవలేదు. మన దేశంలో రేడియేషన్ విభాగం నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, మెడికల్ ఫిజిసిస్టు ఉండి తీరాలి. బొమ్మల ముందు కూర్చునేది డాక్టరుతోబాటు చాలావరకు వారే. రోగులు బారులు తీరి ఉన్న విభాగంలో "నాలుగు" అని వేస్తే స్కాను మళ్ళీ తీయాలి, ఆ రోజు ప్లాను ఆగిపోతుంది, రోగి ఇంటివాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళి రావాలి. ఆ అంకె వేసే అధికారమూ, చూడటానికి తీరికా ఆ మనిషికి ఇవ్వాలి. సాఫ్ట్‌వేరు కొనడానికి దొరికే డబ్బు రెండో మనిషిని పెట్టడానికి దొరకదు చాలాచోట్ల.

చివరగా రోగుల ఇళ్ళవాళ్ళకు ఒక మాట. స్కానింగు సెంటరులో పెద్ద కవరులో ఫిల్ములు ఇస్తారు, వాటిని బస్సుల్లో, రైళ్ళలో భద్రంగా మోసుకొస్తారు. రిపోర్టు చదవడానికి అవి పనికొస్తాయి. రెండు స్కాన్లు కలపడానికి ఫిల్ము పనికిరాదు, కంప్యూటరులోకి ఎక్కే అసలు డేటా ఉండాలి. కాబట్టి సీడీ గాని, పెన్‌డ్రైవు గాని అడిగి తీసుకోండి. రేడియేషన్ ప్లానింగు కోసం ఎమ్మారై తీయించమన్నారా, ఆ సంగతి స్కానింగు సెంటరువాళ్ళకు ముందే చెప్పండి. మామూలు రిపోర్టుకు స్లైసులు అయిదు మిల్లీమీటర్ల మందంతో తీస్తారు తరచుగా. కలపడానికి ఒక మిల్లీమీటరు సన్నటి స్లైసులు కావాలి. సన్నటివి ఉన్నాయో లేదో బల్ల దిగకముందే కనుక్కుంటే మళ్ళీ వెళ్ళే పని తప్పుతుంది.